మంచు హెచ్చరిక వచ్చిన రోజున టూర్ సంస్థ ఏం చేసింది: మనాలి శీతాకాల ప్యాకేజీపై సమీక్ష

హిమాయత్‌నగర్‌లో కార్యాలయం ఉన్న ఒక పర్యాటక సంస్థ ఏటా చలికాలంలో హైదరాబాద్ కుటుంబాల కోసం మనాలి యాత్ర నడుపుతుంది. గత జనవరిలో మా కుటుంబమూ, మా అపార్ట్‌మెంట్‌లోని మరో రెండు కుటుంబాలూ కలిసి ఆ యాత్రకు వెళ్ళివచ్చాం. శంషాబాద్ నుంచి ఢిల్లీకి విమానం, అక్కడి నుంచి రాత్రంతా వోల్వో బస్సు, మనాలిలో హోటల్, స్థానిక డ్రైవర్లతో జీపులు, రెండు పూటలా తెలుగు భోజనం, ఒక రోజు సోలాంగ్ లోయ, ఇంకొక రోజు అటల్ సొరంగం దాటి సిస్సూ: ప్యాకేజీలో ఉండేవి ఇవి. గదులు శుభ్రంగా ఉన్నాయి. వంటమనిషి ఆ చలిలో వేడివేడిగా వడ్డించిన ముద్దపప్పు, ఆవకాయ, చారు గురించి ఎవరికీ ఫిర్యాదు లేదు. వాటి గురించి ఇంతకు మించి రాయను, ఎందుకంటే చలికాలంలో హిమాలయాల్లోకి మనుషులను తీసుకెళ్ళే సంస్థ పనితనం వాతావరణ హెచ్చరిక వచ్చిన రోజునే తేలుతుంది. మా యాత్రలో అలాంటి రోజు వచ్చింది. ఈ సమీక్ష ప్రధానంగా ఆ రోజు గురించే.

ప్రయాణానికి ముందు సంస్థ తన కార్యాలయంలో ఒక సమావేశం పెట్టింది. ఏమేం తెచ్చుకోవాలో, ఎన్ని పొరల దుస్తులు వేసుకోవాలో ఓపికగా చెప్పారు. పెద్దవాళ్ళకు బీపీ మాత్రలు అదనంగా పెట్టుకోమన్నారు. అయితే వాతావరణం గురించి అడిగినప్పుడు మాత్రం “మంచు పడితే అదృష్టం సర్, అందరూ దాని కోసమే వస్తారు” అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. మాతో వచ్చిన పెద్దాయన ఒకరు లార్జీ సంగతి ఎత్తారు. 2014 జూన్ 8న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది మండీ జిల్లాలో బియాస్ నదిలో దిగి ఉండగా, ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి నీళ్ళు వదలడంతో కొట్టుకుపోయిన ఘటన ఈ నగరంలో చాలా ఇళ్ళకు ఇప్పటికీ గుర్తుంది. అది వేసవిలో జరిగింది, మంచుతో సంబంధం లేనిది, కానీ మనాలి దారి అంటే తల్లిదండ్రులు ముందుగా తలచుకునేది దాన్నే. ఒడ్డున ఉన్నవారికి హెచ్చరిక సకాలంలో చేరకపోవడమే ఆ విషాదానికి మూలం గనుక, హెచ్చరికలు మాకు ఎలా చేరతాయో, ఎవరు చేరుస్తారో చెప్పమని ఆయన అడిగారు. దానికి సంస్థ ఇచ్చిన జవాబు “వాట్సాప్ గ్రూపు ఉంది కదా అంకుల్” అని.

ఇక్కడ ఒక విషయం వివరంగా చెప్పాలి. ఆరెంజ్ అలర్ట్, అంటే వాతావరణ శాఖ ఇచ్చే నారింజ రంగు హెచ్చరిక, హైదరాబాద్ వారికి కొత్త కాదు. వానాకాలంలో బేగంపేట వాతావరణ కేంద్రం నుంచి అలాంటివి ఎన్నో వస్తాయి. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి కాస్త ముందుగా బయలుదేరడమో, పిల్లల బడికి సెలవు ఇస్తారేమోనని ఎదురుచూడడమో తప్ప మనం పెద్దగా పట్టించుకోం. 2020 అక్టోబరు వరదల తర్వాత కొంత మార్పు వచ్చినా, రంగు చూసి భయపడే అలవాటు మనకు ఇంకా రాలేదు. కొండల్లో అదే రంగుకు బరువు వేరు. వాతావరణ శాఖ ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులను కేవలం ఎంత వర్షం, ఎంత మంచు పడుతుందన్న లెక్క మీదే నిర్ణయించదు. పడే అవకాశం ఎంత, పడితే జనజీవనం మీద ప్రభావం ఎంత అన్న రెండింటినీ కలిపి చూస్తుంది. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే చర్య తీసుకోమని అర్థం. ఒకే ఒక్క రోడ్డు ఉన్న లోయలో ‘సిద్ధంగా ఉండడం’ అంటే ఆ రోడ్డు మూసుకుపోతే రాత్రి ఎక్కడ గడుపుతామో ముందే నిశ్చయించుకుని ఉండడం.

శీతాకాలపు ఈ మంచు తుపానులకు కారణం వెస్టర్న్ డిస్టర్బెన్స్ అని వాతావరణ శాఖ పిలిచే అల్పపీడన వ్యవస్థలు. ఇవి మధ్యధరా ప్రాంతం వైపు నుంచి పుట్టి, పైనున్న పడమటి గాలులతో ఇరాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ మీదుగా సాగి, హిమాలయాలకు తగిలినప్పుడు తమలోని తేమను మంచుగా దించుతాయి. అవి అంత దూరం నుంచి వస్తాయి కాబట్టి నాలుగైదు రోజుల ముందే వాటి జాడ తెలుస్తుంది. కచ్చితంగా ఏ లోయలో ఎంత పడుతుందన్నది చివరి రోజు వరకూ తేలకపోవచ్చు గానీ, ఫలానా రోజుల మధ్య వాతావరణం చెడుతుందన్న సంగతి మాత్రం హైదరాబాద్‌లో కూర్చుని యాత్ర నడిపే వారికి తెలియకుండా ఉండే అవకాశం లేదు. మా యాత్రలోనూ సిమ్లా వాతావరణ కేంద్రం సూచన మేము ఢిల్లీలో దిగేసరికే వెలువడి ఉంది. సంస్థ గ్రూపులో దాని ప్రస్తావన లేదు.

సిస్సూ వెళ్ళవలసిన ముందు రోజు సాయంత్రం, హైదరాబాద్ కార్యాలయం నుంచి మేనేజర్ గారు ఫోన్‌లో కనిపించే మామూలు వాతావరణ తెరను గ్రూపులో పెట్టారు. మనాలిలో పాక్షికంగా మేఘాలు, మధ్యాహ్నం తర్వాత తేలికపాటి మంచు, రేపటి కార్యక్రమం యథాతథం అని కింద రాశారు. ఆ తెరలో అబద్ధం లేదు, కానీ మేము వెళ్ళబోయేది మనాలి వీధుల్లోకి కాదు. మనాలి కుల్లు జిల్లాలో ఉంది, సిస్సూ లాహౌల్ స్పితి జిల్లాలో ఉంది. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగంలో ఈ చివర ఎక్కి ఆ చివర దిగేసరికి జిల్లా మారుతుంది, లోయ మారుతుంది, హెచ్చరిక రంగు కూడా మారిపోవచ్చు. ఆ సాయంత్రపు బులెటిన్‌లో కుల్లుకు పసుపు, లాహౌల్ స్పితికి నారింజ ఉన్నాయి. దానికి తోడు బులెటిన్‌లో ‘మొదటి రోజు’ అన్నది మరుసటి ఉదయం ఎనిమిదిన్నరకు ముగుస్తుంది, ‘రెండో రోజు’ ఆ ఎనిమిదిన్నర నుంచి మొదలవుతుంది. సాయంత్రం చూసేవారు మొదటి గడిలోని రంగు చూసి ఊరట చెందితే, తాము ప్రయాణం చేసే పగటి రంగును వారు చూడనట్టే. మేనేజర్ గారు చూసింది ఊరి పేరు, ఉష్ణోగ్రత మాత్రమే. ఏ జిల్లాకు, ఏ గంట నుంచి ఏ గంట వరకు అన్న రెండు ప్రశ్నలు వేసుకునే మనిషి ఒక్కరైనా ఆ కార్యాలయంలో ఉండి తీరాలి.

మరుసటి ఉదయం మా జీపు డ్రైవర్ వచ్చాడు. సొరంగం అవతల లాహౌల్‌లోని కేలాంగ్ దగ్గరి పల్లె అతనిది. రాత్రి అతను వాహనం నిలిపిన తీరు నేను చూశాను: వైపర్లు అద్దానికి అంటుకుపోకుండా పైకి లేపి ఉంచాడు, హ్యాండ్ బ్రేకు వేస్తే తెల్లారేసరికి గడ్డకట్టి పట్టేస్తుందని దాన్ని వేయకుండా గేరులో ఉంచి, వెనక టైరు కింద రాయి పెట్టాడు. ఆ మనిషి ఆ ఉదయం ఇంజను స్టార్ట్ చేయకుండానే, సిస్సూ ఈ రోజు వద్దని చెప్పాడు. మా వాళ్ళలో ఒకరు అప్పటికి ఇంకా మంచు పడటం లేదు కదా అని వాదిస్తే, “వెళ్ళడానికి గంటన్నర చాలు సర్ జీ, తిరిగి ఎప్పుడు వస్తామో నేను చెప్పలేను” అన్నాడు. మన హైదరాబాదీ హిందీ అతనికి, అతని పహాడీ యాస మాకు సగం సగం అర్థమైనా ఆ ఒక్క మాట మాత్రం అందరికీ పూర్తిగా అర్థమైంది. సొరంగంలో భయం లేదని, సొరంగానికి చేరే దారిలోనే భయమని, సోలాంగ్ దాటాక ధుండీ వైపు వాలుల మీద పాత మంచు ఉందని, దాని మీద కొత్త మంచు గాలితో కలిసి పడితే చరియలు జారతాయని చేత్తో కొండ వాలు చూపించి మరీ చెప్పాడు. మంచు చరియలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద. మరీ నిటారు కొండ మీద మంచు నిలవదు, మరీ చదును నేల మీద కదలదు. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్ఈ ఇలాంటి ప్రాంతాలకు విడిగా మంచు చరియల ప్రమాద సూచనలు ఇస్తుంది, డ్రైవర్లు వాటిని ఒకరికొకరు పంపుకుంటారు. మా సంస్థ కార్యాలయంలో ఆ పేరు ఎవరికీ తెలిసినట్టు లేదు.

తర్వాత జరిగింది నాకు అసలు నచ్చనిది. గ్రూపులో ఒకరు హైదరాబాద్‌కు ఫోన్ చేస్తే, మేనేజర్ గారు స్పీకర్లో “ఎల్లో అలర్టే కదా సర్, ఎల్లో అంటే ఏమీ కాదు, ఆ డ్రైవర్ రానంటే వేరే బండి పెడతాను” అన్నారు. డబ్బు కట్టిన వారిని నిరాశపరచకూడదన్న ఆతృత తప్ప ఆయన మాటల్లో దురుద్దేశం ఉందని నేను అనుకోను. కానీ పదహారు వందలకు పైగా కిలోమీటర్ల అవతల కూర్చున్న మనిషి, కొండను ఎదురుగా చూస్తున్న మనిషి నిర్ణయాన్ని కొట్టివేయగల ఏర్పాటు ఏ సంస్థలో ఉన్నా అది ప్రమాదకరమైన ఏర్పాటే. మా అదృష్టం కొద్దీ, మాతో వచ్చిన సంస్థ సమన్వయకర్త, పాతికేళ్ళ వరంగల్ కుర్రాడు, ఫోన్ తీసుకుని “సార్, నేను వీళ్ళను తీసుకెళ్ళను, ఏమన్నా ఉంటే వచ్చాక మాట్లాడుదాం” అని మర్యాదగానే తేల్చేశాడు. ఆ అబ్బాయి ఉద్యోగానికి దీని వల్ల ఇబ్బంది రాకూడదని కోరుకుంటూ ఈ మాట నమోదు చేస్తున్నాను.

డ్రైవర్ సూచన మీద మేము దిగువకు, నగ్గర్‌కు వెళ్ళాం. పాత కోట, రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ ఇంట్లోని చిత్రశాల చూశాం. వాల్తేరులో పుట్టిన సినీనటి దేవికారాణి ఆ ఇంటి కోడలేనని తెలిసి మా ఆవిడ సిస్సూ సంగతి కాసేపు మరిచిపోయింది. మధ్యాహ్నం రెండు దాటాక మొదలైన మంచు సాయంత్రానికి రోడ్డు గుర్తు పట్టనంతగా పేరుకుంది. సోలాంగ్ వైపు వాహనాలను పోలీసులు ఆపేశారు. ఆ ఉదయం వేరే సంస్థతో పైకి వెళ్ళిన ఒక కర్ణాటక కుటుంబం అర్ధరాత్రి దాటాక, జీపు అక్కడే వదిలేసి పోలీసుల సాయంతో మా హోటల్ చేరింది. వాళ్ళ పాప బూట్లు తడిసి, వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. ఎవరో వేళ్ళను మంచుతో రుద్దబోతే మా సమన్వయకర్త ఆపి, గోరువెచ్చని నీటి గిన్నెలో ముంచి ఉంచాడు. మంచుతో రుద్దితే గడ్డకట్టిన చర్మం మరింత చిట్లుతుంది. పెద్దవాళ్ళు వణుకు తగ్గడానికి రమ్ము తాగుతామంటే అదీ వద్దన్నాడు. మద్యం చర్మం దగ్గరి రక్తనాళాలను వెడల్పు చేసి, వెచ్చగా అనిపిస్తూనే ఒంట్లోని వేడిని బయటికి పంపేస్తుంది. ఆ అబ్బాయికి ప్రథమ చికిత్స శిక్షణ ఇప్పించినది సంస్థే అయితే దానికి పూర్తి మార్కులు వేయాలి.

ఇలా చిక్కుకోవడం అరుదైన సంగతి కాదు. 2024 డిసెంబరు చివరి వారంలో సోలాంగ్ దగ్గర వేలాది పర్యాటకులు మంచులో నిలిచిపోతే కుల్లు పోలీసులు వారిని కిందికి చేర్చారు. అంతకు ముందు, 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని మర్రీలో మంచు తుపానుకు కార్లలోనే ఇరవై మందికి పైగా చనిపోయారు. చలికి ఇంజను ఆన్ చేసి హీటర్ వేసుకున్నప్పుడు, బయట పేరుకున్న మంచు సైలెన్సర్ గొట్టాన్ని మూసేస్తే కార్బన్ మోనాక్సైడ్ వెనక్కి తిరిగి లోపలికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, మత్తు, ఆ మీద నిద్ర. చిక్కుకుపోయిన వాహనంలో ఉండవలసి వస్తే దిగి సైలెన్సర్ చుట్టూ మంచు తోడాలి, గంటకు పది నిమిషాలకు మించి ఇంజను నడపకూడదు, గాలి తగలని వైపు అద్దం కాస్త దించి ఉంచాలి. ఇవన్నీ సంస్థ ఇచ్చిన కరపత్రంలో ఒక్క వాక్యంగా కూడా లేవు. సెల్ఫీ స్పాట్ల గురించి మాత్రం ఒక పేజీ ఉంది. ఆ రాత్రి కరెంటు పోయినప్పుడు హోటల్ వాళ్ళు బొగ్గుల అంగీఠీ (కుంపటి) గదిలోకి తెస్తే, నిద్రపోయే ముందు దాన్ని బయట పెట్టించింది కూడా ఆ వరంగల్ అబ్బాయే.

మన తెలుగువాళ్ళకు మరీ దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని కుదిపేసిన హుద్‌హుద్ తుపాను తీరం దాటాక తీరిపోయిందని మనం అనుకున్నాం. దాని మిగిలిన తేమ ఉత్తరానికి సాగి, రెండు రోజుల తర్వాత నేపాల్‌లో 5,416 మీటర్ల ఎత్తున ఉన్న తొరాంగ్ కనుమ దగ్గర మంచు తుపానుగా దిగి నలభై మందికి పైగా ప్రాణాలు తీసింది. ఒక పెద్ద తుపాను వస్తోందని ప్రపంచమంతటికీ తెలుసు. కనుమ దగ్గర నడుస్తున్న చాలామందికి మాత్రం ఎవరూ చెప్పలేదు. యాత్రికుడికీ బులెటిన్‌కూ మధ్య నిలబడేది టూర్ సంస్థే గనుక, ఆ కబురు దాటవేయకుండా అందించడం ప్యాకేజీలో భోజనం కంటే ముందు రావలసిన అంశం.

అద్దె సామగ్రి సంగతి క్లుప్తంగా చెబుతాను. సంస్థ హైదరాబాద్‌లోనే అద్దెకు ఇచ్చిన కోట్లు బాగున్నాయి, బూట్లు బాగోలేదు. మా అబ్బాయికి ఇచ్చిన జతకు అడుగున గాడులు అరిగి నున్నగా ఉంది, హోటల్ మెట్ల దగ్గర రాత్రి కరిగి మళ్ళీ గట్టిపడిన పలుచటి మంచు పెంకు మీద అది క్షణం నిలవలేదు. బూట్లు మనాలిలోనే, వేసుకుని చూసి, అడుగు వేలితో తడిమి అద్దెకు తీసుకోవడం మేలు. దుస్తుల పొరల విషయంలో కూడా సమావేశంలో మనాలి చలిని బట్టి చెప్పిన లెక్క తప్పు. మనాలి సుమారు 2,050 మీటర్ల ఎత్తులో ఉంది, సిస్సూ మూడు వేల మీటర్లు దాటుతుంది. వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయి. పైగా మైనస్ 5 డిగ్రీల దగ్గర గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 14 లాగా తగులుతుంది. పదిహేను డిగ్రీలకే స్వెట్టర్ వేసుకునే మనం మనాలి అంకె చూసి సిస్సూకు దుస్తులు సర్దుకోకూడదు.

ఇక డబ్బు. సిస్సూ ప్రయాణం రద్దయినందుకు తిరిగి చెల్లింపు ఉండదని, ‘ప్రకృతి వైపరీత్యాలు’ అన్న నిబంధన చూపించారు. రోడ్డు మూసేయడంతో వోల్వో మరుసటి రాత్రికి మారితే, హోటల్‌లో అదనంగా ఉన్న రాత్రికి మా దగ్గరే, ముందు చెప్పిన ధర కంటే ఎక్కువగా వసూలు చేశారు. ఢిల్లీ విమానం తప్పిపోయిన రెండు కుటుంబాలు కొత్త టికెట్లు సొంత ఖర్చుతో కొనుక్కున్నాయి. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేకపోవచ్చు. కానీ ఈ నిబంధనల వల్ల జరిగేది ఏమిటంటే, హెచ్చరిక వచ్చిన రోజున ఆగిపోవాలనుకునే యాత్రికుడికి నష్టం, వెళ్ళిపోదామనే వాడికి లాభం. ఖాళీ రోజు ఒక్కటి కూడా లేకుండా విమానానికి విమానం, బస్సుకు బస్సు కుట్టేసిన కార్యక్రమం చౌకగా కనిపిస్తుంది. ఆ చౌకకు మూల్యం సరిగ్గా ఆగవలసిన ఉదయాన తెలుస్తుంది. మేనేజర్ గారు ఫోన్‌లో అంతగా ఒత్తిడి చేయడానికి కారణం కూడా ఈ కుట్టే అని నా అభిప్రాయం. ఆయన్ను మార్చినా ఈ కార్యక్రమం మారకపోతే వచ్చే మేనేజరూ అదే మాట అంటాడు.

ఈ సంస్థతో మళ్ళీ వెళ్తారా అని అడిగితే, మార్చి రెండో సగంలో అయితే వెళ్తాను, జనవరిలో అయితే కొన్ని మాటలు కాగితం మీద రాయించుకున్నాకే వెళ్తాను. కార్యక్రమంలో కనీసం ఒక ఖాళీ రోజు ఉండాలి. నారింజ లేక ఎరుపు హెచ్చరిక ఉన్న జిల్లాలోకి వాహనం పోదని, ఆ నిర్ణయం స్థానిక డ్రైవర్‌దీ వెంట వచ్చే సమన్వయకర్తదే అని, హైదరాబాద్ నుంచి దాన్ని ఎవరూ మార్చలేరని స్పష్టంగా ఉండాలి. సిమ్లా కేంద్రం బులెటిన్ మూలప్రతి రోజూ సాయంత్రం గ్రూపులో పెట్టాలి. జీపు ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందేది) అయి ఉండి, మంచులో టైర్లకు చుట్టే చెయిన్లు అందులోనే ఉండాలి, ఎందుకంటే మంచు పడ్డ రోజుల్లో మనాలి పైన పోలీసులు వేరే వాహనాలను పోనివ్వరు. వీటితో పాటు ప్రయాణికులు తమ వంతుగా వాతావరణ శాఖ మౌసమ్ యాప్‌నూ, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సచేత్ యాప్‌నూ ఫోన్‌లో పెట్టుకుని, 112తో పాటు జిల్లా విపత్తు కేంద్రం 1077 నంబరును ఇంట్లో ఉండేవారికి కూడా ఇచ్చి బయలుదేరడం మంచిది.

భోజనానికి, బసకు ఐదుకు నాలుగున్నర. డ్రైవర్‌కూ సమన్వయకర్తకూ ఐదుకు ఐదు. హైదరాబాద్ కార్యాలయానికి ఒకటిన్నర. తిరిగి వచ్చాక నేను రాసిన ఫిర్యాదుకు సంస్థ జవాబిచ్చి, హోటల్ అదనపు రాత్రికి ఎక్కువగా తీసుకున్న మొత్తాన్ని వెనక్కి పంపింది. సిస్సూ డబ్బు గురించీ, హెచ్చరిక రోజున నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న గురించీ ఆ ఉత్తరంలో ఏమీ లేదు. ఆ రెండింటికీ జవాబు వస్తే ఈ సమీక్షకు కిందే జత చేస్తాను.